‘ఇక్కడ ఫైట్’ అని రాసి వదిలేయకండి: తెలుగు నిర్మాతలకు, దర్శకులకు బహిరంగ లేఖ

తెలుగు చలనచిత్ర నిర్మాతలకు, దర్శకులకు నమస్కారం.

మన యాక్షన్ సినిమాల స్క్రిప్టులు తిరగేస్తే ఒక లైను పదే పదే కనిపిస్తుంది. సీన్ నంబరు, గోడౌన్, రాత్రి. దాని కింద ‘ఇక్కడ ఫైట్’. ఇంకొంచెం ఉత్సాహం ఉంటే ‘ఇక్కడ భారీ ఫైట్’. ఆ ఒక్క లైను తెరమీద ఆరేడు నిమిషాలు నడుస్తుంది. సెట్లో వారం, పది రోజులు పడుతుంది. ఇద్దరు మనుషులు టీ తాగుతూ మాట్లాడుకునే సీను మూడు పేజీలు రాస్తాం, నచ్చకపోతే మళ్లీ మళ్లీ తిరగరాస్తాం. హీరో ప్రాణం మీదికి వచ్చే సీనుకు మాత్రం ఒక్క లైనుతో సరిపెడతాం. మీకు ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ లైనే.

నేను చాలా ఏళ్లుగా కథా చర్చల్లో కూర్చుంటున్న రచయితను. ఫైట్లంటే నాకు ప్రాణం. చిన్నప్పుడు నేల టిక్కెట్లో విజిల్ వేసినవాణ్ణి, ఇప్పటికీ మొదటి రోజు మొదటి ఆటకే వెళతాను. ఆ ఇష్టంతోనే అడుగుతున్నాను, ఫైట్‌ను రాయనివ్వండి.

ఫైట్ రాయడమంటే ఎవరు ఎన్ని గుద్దులు గుద్దారో రాయడమని మనవాళ్లలో ఒక అపోహ ఉంది. ఆ పని ఫైట్ మాస్టర్‌ది, అందులో ఆయనకు మేం చెప్పగలిగిందేమీ లేదు. రచయిత తేల్చాల్సినవి వేరు. హీరో ఈ గొడవలోకి ఎందుకు దిగాడు? దిగకుండా తప్పుకునే దారి ఉందా? అక్కడ అతనికి కావాల్సిందేమిటి: మనిషిని విడిపించుకుపోవడమా, ఒక తాళంచెవి దక్కించుకోవడమా, ఇంకెవరో పారిపోయేదాకా తలుపుకు అడ్డంగా నిలబడటమా? ఆ చోటుకు తలుపులెన్ని, వెలుతురు ఎటు నుంచి పడుతోంది? అవతలివాడికి ఏం కావాలి? గొడవ ముగిశాక హీరో పోగొట్టుకున్నదేమిటి? వీటిలో ఒక్కదానికీ జవాబు ఇవ్వకుండా పిలిస్తే ఫైట్ మాస్టర్ మాత్రం ఏం చేస్తారు? తాళ్లు కట్టి మనుషుల్ని ఎగరేసే రోప్ షాట్లు, గాల్లోకి లేచే సుమోలు, స్లో మోషన్‌లో దుమ్ము దులుపుకొంటూ నడిచొచ్చే హీరో. పోయినసారి చప్పట్లు పడినవాటినే మళ్లీ పేర్చుకుంటారు. ఆయనను తప్పుపట్టే హక్కు మనకు లేదు, చేతికి ఖాళీ కాగితం ఇచ్చింది మనమే.

‘ఒక్కడు’ గుర్తుంది కదా, 2003 సినిమా. కబడ్డీ ఆడటానికి కర్నూలు వచ్చిన కుర్రాడు కొండారెడ్డి బురుజు దగ్గర ఒక అమ్మాయిని బలవంతంగా లాక్కుపోతుంటే చూస్తాడు. ఆ అమ్మాయి ఎవరో తెలియదు. అవతలి మనిషికి ఆ సీమలో ఎంత పలుకుబడి ఉందో తెలియదు. అడ్డుపడి కొడతాడు. ఆ దెబ్బ కొట్టాక ఊరు దాటక తప్పదు, అమ్మాయిని దాచక తప్పదు, అదీ తండ్రి పోలీసు అధికారిగా ఉన్న ఇంట్లోనే. తర్వాత సినిమాలో జరిగేదంతా ఆ దెబ్బలోంచే పుట్టింది. బురుజు దగ్గరి సీను తీసేస్తే అసలు కథే లేదు. మీ దగ్గరున్న స్క్రిప్టులోంచి ఒక ఫైట్ తీసి పక్కన పెట్టి చదివి చూడండి. కథ ఎక్కడా తడబడకుండా ముందుకు నడిస్తే, ఆ ఫైట్ ఇంకా ఎవరూ రాయలేదని అర్థం.

‘శివ’ వచ్చి ఇన్నేళ్లయినా సైకిల్ చైను గురించి మాట్లాడుకుంటూనే ఉన్నాం. చైను ఎంత ముఖ్యమో, దాన్ని లాగడానికి ముందు పట్టిన ఓపిక కూడా అంతే ముఖ్యం. కాలేజీకి కొత్తగా వచ్చిన కుర్రాడు చుట్టూ జరుగుతున్నది చూస్తుంటాడు. మనకు కోపం వస్తుంది, అతను ఇంకా కదలడు. చివరికి చేతికి దొరికింది సైకిల్ స్టాండులో ప్రతి విద్యార్థికీ రోజూ కనిపించే వస్తువు. 1989లో హాలులో కూర్చున్న ప్రతి కుర్రాడి ఇంటి ముందూ ఆ ఆయుధం ఉంది. అది రచన. ఆ దెబ్బకు కథ చివరిదాకా మూల్యం చెల్లించాల్సి రావడం ఇంకా గొప్ప రచన. స్నేహితుడు పోతాడు, అన్న కూతురు పోతుంది. విలన్ భవానిగా రఘువరన్ గొంతు పెంచడు. ఆయన ఏం చేయించగలడో మనకు ముందే తెలుసు కాబట్టి, నెమ్మదిగా మాట్లాడుతుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. తనికెళ్ల భరణి గారు ఆ సినిమాకు రాసిన మాటలు ఎంత పొదుపుగా ఉంటాయో ఈసారి చూసినప్పుడు గమనించండి.

మాటలే అక్కర్లేని చోటు కూడా ఉంటుంది. ‘ఆర్ఆర్ఆర్’లో వంతెన కింద మంటల మధ్య ఒక పిల్లాడు చిక్కుకుపోతాడు. ఒకరికొకరు ముక్కూముఖం తెలియని ఇద్దరు చేతి సైగలతో ఒక పథకం వేసుకుంటారు. ఒకరు గుర్రం మీద, ఒకరు మోటార్ సైకిల్ మీద, మధ్యలో ఒకే తాడు, నీళ్లలో తడిపిన ఒక జెండా. ఆ కాసేపట్లో ఇద్దరి మధ్య స్నేహం పుట్టేసింది. మామూలుగా అయితే దానికి రెండు సీన్లూ ఒక పాటా కావాలి. పిల్లాణ్ణి కాపాడాలన్న పని ఒకటి, ఒకరి తాడు ఇంకొకరి చేతిలో ఉండటం రెండు. ఇంత స్పష్టంగా కాగితం మీద ఉన్నప్పుడు స్టంట్ వాళ్లు ఎంత ఎత్తుకైనా తీసుకెళ్లగలరు.

చోటు గురించి, లెక్క గురించి కూడా చెప్పాలి. 1954లో విడుదలైన జపాన్ సినిమా ‘సెవెన్ సమురాయ్’ను దర్శకుడు కురొసావా, హషిమొతో, ఒగుని ముగ్గురూ కూర్చుని రాశారు. ఒక ఊరిని బందిపోట్ల నుంచి కాపాడే ఏడుగురు యోధుల కథ అది. అందులో బందిపోట్లు నలభై మంది. సమురాయ్‌ల నాయకుడు కాగితం మీద సున్నాలు చుట్టుకుని, ఒక్కొక్కడూ చచ్చినకొద్దీ ఒక్కో సున్నా కొట్టేస్తుంటాడు. ఊరి పటం ముందే చూపిస్తారు, ఎటు నుంచి దాడి రావచ్చో, ఎక్కడ కంచె వేయాలో అన్నీ మనకు తెలుసు. అందుకే కుండపోత వానలో, బురదలో కలబడుతున్నా ఎవరు ఎటు ఉన్నారో తికమకపడం. ఇంకెంతమంది మిగిలారో లెక్కపెట్టుకుంటూ చూస్తాం. మన గోడౌన్ ఫైట్‌లో మనుషులు ఫ్రేమ్ అంచు నుంచి వస్తూనే ఉంటారు. పాతిక మందా, నూట పాతిక మందా? లెక్క లేదు కాబట్టి ఆశా లేదు, భయమూ లేదు. ఈమధ్య కత్తులు పెద్దవయ్యాయి, రక్తం ఎక్కువైంది. హాల్లో నా పక్క సీటులో కుర్రాడు మాత్రం సగం ఫైట్‌లో ఫోన్ తీస్తున్నాడు.

ఎలివేషన్, అంటే హీరోను ఆకాశానికెత్తే ఘట్టం, వద్దని నేననను. హీరో ఓడిపోవచ్చు అని ఒక్క క్షణమైనా నమ్మించాక వచ్చే ఎలివేషన్‌కు హాలు లేచి నిలబడుతుంది. ఆ క్షణాన్ని రాయడానికి మాకు చోటివ్వండి, అంతే.

మన ఫైట్ మాస్టర్ల పనితనానికి లోటు లేదు. 64వ జాతీయ చలనచిత్ర పురస్కారాల నుంచి యాక్షన్‌కు విడిగా అవార్డు ఇస్తున్నారు. తర్వాత ‘బాహుబలి 2’కు, ‘ఆర్ఆర్ఆర్’కు, ‘హనుమాన్’కు అది వచ్చింది. ఆస్కార్ అకాడమీ 2027లో విడుదలయ్యే సినిమాలతో మొదలుపెట్టి స్టంట్ డిజైన్‌కు అవార్డు ఇస్తామని 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది, ఆ ప్రకటనతో పాటు పెట్టిన బొమ్మల్లో ‘ఆర్ఆర్ఆర్’ కూడా ఉంది. ఇంత పేరు తెస్తున్న మనుషుల పక్కన ఒక రచయితకు కుర్చీ వేయడం కష్టమా?

ఒకసారి అలాంటి కుర్చీ నాకు దొరికింది. పాత అపార్ట్‌మెంట్ మెట్ల మీద ఒక ఫైట్. మాస్టర్ గారు సీను మొత్తం విని అడిగిన మొదటి ప్రశ్న: “వీడి కుడిచేతిలో ఏముంది బాబూ?” నానమ్మకు ఇన్సులిన్ ఉన్న సంచి అని రాశాను. “అయితే అది కింద పెట్టనివ్వను” అన్నారు. అంతే, ఫైట్ మారిపోయింది. హీరో ఎడమచేత్తోనే కొట్టాలి, పడితే కుడి భుజం మీద పడకూడదు, సీసా పగిలితే గెలిచినా ఓడినట్టే. నలుగురు మనుషులు, ఒకే మెట్ల వరస, రెండు రోజుల షూటింగ్. కారు ఒక్కటీ గాల్లోకి లేవలేదు. ఎడిటింగ్ గదిలో ఆ సీను చూసినవాళ్లందరూ సంచి వైపే చూశారు. ఆ ప్రశ్న మాస్టర్ గారిది, సంచి నాది. ఒకే బల్ల దగ్గర కూర్చోకపోతే ఆ రెండూ కలిసేవి కావు.

ముందుగా రాయడం వల్ల ఇంకో మేలుంది. ఏం చేయబోతున్నామో నెలల ముందే తెలిస్తే రిహార్సల్‌కు, ప్రాణరక్షణ ఏర్పాట్లకు సమయం దొరుకుతుంది. 2016 నవంబరులో బెంగళూరు దగ్గర తిప్పగొండనహళ్లి జలాశయంలోకి హెలికాప్టర్ నుంచి దూకిన ఇద్దరు నటులు తిరిగి రాలేదు. 2025 జులైలో తమిళనాడులో ఒక కారు స్టంట్‌లో ఒక స్టంట్ కళాకారుడు చనిపోయారు. ఆ ప్రమాదాలకు స్క్రిప్టే కారణమని నేననడం లేదు. ముందురోజు రాత్రి ఫోనులో ‘రేపు ఫైట్‌లో ఇంకేదైనా కొత్తగా పెడదాం’ అనుకునే అలవాటు మాత్రం పోవాలి.

ఇక నేర కథలు. ఇక్కడ నా బాధ ఇంకా ఎక్కువ.

మన సినిమాల్లో దర్యాప్తు అంటే ఒక చీకటి గది, వేలాడే బల్బు, కుర్చీకి కట్టేసిన మనిషి. నాలుగు దెబ్బలు పడగానే నిజం చెప్పేస్తాడు, కేసు తేలిపోతుంది. మన చట్టంలో అలా తేలదు. పోలీసు దగ్గర చేసిన ఒప్పుకోలును కోర్టులో నిందితుడిపై రుజువు చేయడానికి వీల్లేదు. పాత సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ఆ మాటే చెప్పింది, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. ఒక్క మినహాయింపు ఉంది. కస్టడీలో ఉన్న నిందితుడు చెప్పిన సమాచారం వల్ల ఒక విషయం బయటపడితే, దానికి నేరుగా సంబంధించిన మాట వరకు చెల్లుతుంది.

ఈ మినహాయింపు చదివిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. ఎన్ని కథలున్నాయి ఇందులో! నిందితుడు అంతా చెప్పేశాడనుకోండి. కత్తి ఊరి చెరువులో పడేశానన్నాడు. అది దొరికితేనే ఆ మాటకు విలువ. చెరువు వానలకు నిండుకుండలా ఉంది. పంచనామాలో సంతకం పెట్టాల్సిన ఇద్దరు మధ్యవర్తుల్లో ఒకాయన నిందితుడికి మేనమామ వరస అవుతాడు, చెరువు గట్టు మీదికి వచ్చాడు కానీ నోరు మెదపడం లేదు. సోదా, స్వాధీనం వీడియో తీయాలని కొత్త చట్టం అంటోంది, చీకటి పడుతోంది. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి, రాజ్యాంగం 22వ అధికరణం ఆ మాట చెబుతోంది. ఇప్పటికే పందొమ్మిది గంటలు అయిపోయాయి. ఈతగాడు మూడోసారి మునిగాడు. ఒక్క తుపాకీ పేలకుండా, ఒక్క దెబ్బ పడకుండా ప్రేక్షకుడు సీటు అంచుకు వస్తాడా రాడా మీరే చెప్పండి.

చట్టం పేరెత్తితే కథా సిట్టింగుల్లో వెంటనే వినిపించే మాట ఒకటుంది: “ఇదేం డాక్యుమెంటరీనా?” డాక్యుమెంటరీ తీయమని ఎవరూ అడగడం లేదు. కబడ్డీలో కూత ఆపకూడదన్న నియమం ఉంది కాబట్టే ఆ ఆటకు ఊపిరి బిగపట్టి చూస్తాం. నేర కథలో చట్టం అలాంటిదే. 60 రోజుల్లో లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే నిందితుడికి బెయిలు హక్కవుతుంది. క్లూస్ టీమ్ వచ్చేలోపు జనం ఆ గదిలో తిరిగేశారు. వీధి చివర కిరాణా కొట్టు సీసీ కెమెరాలో పాత ఫుటేజీ మీద కొత్తది ఎక్కిపోతోంది. పోస్టుమార్టం చేయాల్సిన డాక్టరు సాయంత్రం అయ్యేసరికి వెళ్లిపోయారు. ఇవన్నీ హీరో చేతులు కట్టేసే విషయాలు. చేతులు కట్టేసుకున్నప్పుడే మనిషి తెలివి బయటపడుతుంది.

ఎన్‌కౌంటర్ గురించి రాయకుండా ఉండలేను. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ‘దిశ’ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ పొద్దున జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ పోలీసులు చెప్పిన కథనం నమ్మదగ్గది కాదని, చంపే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చి, 10 మంది పోలీసులను విచారించాలని చెప్పింది. 2022 మేలో ఆ నివేదిక బయటికి వచ్చింది. పూలు చల్లిన చేతులు చప్పట్లు ఎక్కడ నేర్చుకున్నాయో ఆలోచించాల్సింది మనమే. ఎన్‌కౌంటర్ ఉన్న కథ రాయొద్దని నా కోరిక కాదు. తూటా పేలాక కథ ఆపేయొద్దన్నదే. 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అలాంటి ప్రతి చావు మీదా స్వతంత్ర దర్యాప్తు జరగాలి. పై అధికారి మాట విని ట్రిగ్గర్ నొక్కిన కానిస్టేబులు ఆ దర్యాప్తు ముందు కూర్చునే సీను మన సినిమాల్లో ఎందుకింత అరుదు?

మంచి పని జరగడం లేదని అనడం అన్యాయం. 2019లో ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ నెల్లూరు కుర్రాడితో, రైలు పట్టాల పక్కన దొరికే శవాలతో మొదలుపెట్టి, మన నమ్మకాల మీద బతికే నేరం దగ్గరికి తీసుకెళ్లింది. ఆ నేరం వేరే దేశం సినిమాలోంచి దిగుమతి అయింది కాదు. 2024 ‘లక్కీ భాస్కర్’లో ఉత్కంఠ అంతా ఒక బ్యాంకు ఉద్యోగి లెక్కల్లో ఉంది. మలయాళం నుంచి 2014లో మనకు వచ్చిన ‘దృశ్యం’లో హీరో ఒక్కణ్ణీ కొట్టడు, నేరం ఎలా జరిగిందో మన కళ్లముందే చూస్తాం, అయినా పోలీసులు ఇంట్లోకి వచ్చినప్పుడల్లా గుండె ఆగుతుంది. ఎవరికి ఏ సంగతి ఎప్పుడు తెలియాలో తేల్చుకోవడమే నేర కథ రాయడంలో అసలు విద్య. ప్రేక్షకుడికి ముందే చెప్పి భయపెట్టాలా, చెప్పకుండా ఆశ్చర్యపరచాలా? ఇంటర్వెల్‌కు ట్విస్టు ఉండాలన్న తొందరలో ఈ ప్రశ్న వేసుకోవడమే మానేశాం.

మన నేల మీద రాయని నేరాలు ఎన్నో ఉన్నాయి. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం నరికే కూలీలు తిరువణ్ణామలై, ధర్మపురి కొండల నుంచి వస్తారు. స్మగ్లరు కథ చెప్పాం, గొడ్డలి పట్టిన ఆ మనిషి కథ అంతగా చెప్పలేదు. వీడియో కాల్‌లో పోలీసు యూనిఫాం వేసుకుని ‘డిజిటల్ అరెస్ట్’ అంటూ రిటైరైన మాస్టార్లను రోజుల తరబడి ఇంట్లో బంధించి, దాచుకున్నదంతా ఊడ్చేస్తున్నారు. ఒకే ప్లాటును ఇద్దరికి రిజిస్టర్ చేసిన వెంచర్లు మన ప్రతి పట్టణం శివార్లలో ఉన్నాయి. లోన్ యాప్ వాడు ఫోన్లోని నంబర్లన్నిటికీ పంపిన ఒక్క ఫొటోతో కుటుంబాలు కూలిపోయాయి. వీటికి విలన్ కోసం విదేశీ డాన్ అక్కర్లేదు.

అయితే ఇవి ఏసీ గదిలో కూర్చుంటే రావు. స్టేషన్‌లో కూర్చోవాలి, కోర్టు వరండాలో సాక్షులతో టీ తాగాలి, మార్చురీ బయట శవం కోసం ఎదురుచూసేవాళ్ల పక్కన నిలబడాలి. ఒక భారీ ఫైట్‌కు ఒక రోజు అయ్యే ఖర్చుతో ఇద్దరు రచయితలు నెలల తరబడి తిరిగి రాగలరు. ఆ ఖర్చును బడ్జెట్‌లో ఒక లైనుగా పెట్టండి. హీరో డేట్లు దొరికాయి కాబట్టి ఇరవై రోజుల్లో కథ తేల్చమంటే మేం పాత సినిమాలనే కలిపి కుడతాం. ఇంకేం చేయగలం?

పేరు సంగతి కూడా ఉంది. మన టైటిల్స్‌లో ‘మాటలు’ ఒక కార్డు, ‘కథ – స్క్రీన్‌ప్లే – దర్శకత్వం’ ఇంకో కార్డు. ఆ స్క్రీన్‌ప్లే కోసం నెలల తరబడి కూర్చున్న కుర్రాళ్లు రోలింగ్ టైటిల్స్‌లో ఎక్కడో ఉంటారు, కొన్నిసార్లు ఉండరు. నేను కూర్చున్న ఒక సినిమాలో సీన్లు అల్లిన ఇద్దరి పేర్లు ఎక్కడా పడలేదు, ఆ ఇద్దరిలో ఒకరు ఈ రంగమే వదిలేశారు. ఆయన ఛేజ్ సీన్లు రాసే తీరు ఇప్పటికీ నాకు కళ్ల ముందు ఉంది. 2012లో కాపీరైట్ చట్టం సవరించి రచయితలకు రాయల్టీ హక్కు కల్పించారు. దాని గురించి ఒప్పందంలో రాయమని అడిగిన రచయితకు మరుసటి సినిమా దొరకదేమోనన్న భయం పోవాలి. ఆ భయం పోగొట్టగలిగింది మీరే.

మీ దగ్గరికి వచ్చే తర్వాతి యాక్షన్ స్క్రిప్టులో ‘ఇక్కడ ఫైట్’ అన్న లైను కనిపిస్తే దాన్ని వెనక్కి పంపండి. షూటింగ్‌కు ముందే రచయితను, ఫైట్ మాస్టర్‌ను, కెమెరామన్‌ను, ఎడిటర్‌ను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ఫిల్మ్ ఛాంబర్‌లో ఒక ఆదివారం పెట్టండి: రిటైరైన సీఐలు, ఫోరెన్సిక్ డాక్టర్లు, క్రిమినల్ లాయర్లు, స్టంట్ యూనియన్ పెద్దలు, రచయితల సంఘం సభ్యులు. వాళ్లు మాట్లాడతారు, మేం రాసుకుంటాం, అడగాల్సినవి అడుగుతాం. పిలవాల్సినవాళ్ల జాబితా తయారుచేసి ఇచ్చే పని నేను తీసుకుంటాను. వేదిక, తేదీ మీరు చెప్పండి.

ఇట్లు,
ఒక స్క్రీన్‌ప్లే రచయిత
కృష్ణానగర్, హైదరాబాద్